‘ఐదు నదుల’ ప్యాకేజీలో నదులు మూడే: అమృత్‌సర్ కారు టూర్ గురించి

అమృత్‌సర్ వెళ్లొచ్చిన మనవాళ్లు ఎవరిని అడిగినా స్వర్ణ దేవాలయం, జలియన్‌వాలా బాగ్, సాయంత్రం పాకిస్తాన్ సరిహద్దులో అటారీ గేటు దగ్గర పరేడ్ గురించే చెప్తారు. వాటి మీద రాసినవాళ్లు బోలెడుమంది ఉన్నారు, నేను రాయను. నేను రాస్తున్నది అక్కడ ఒక ట్రావెల్స్ ఆఫీసులో మేం తీసుకున్న కారు ప్యాకేజీ గురించి. పేరు ‘ఐదు నదుల పంజాబ్’. రెండు రోజులు. కారు, డ్రైవరు, డీజిల్ కలిపి 9,000 రూపాయలు. టోల్, పార్కింగ్, తిండి మనవే.

ముందే చెప్పేస్తున్నాను. డ్రైవరుకి పదికి తొమ్మిది, ఆఫీసుకి పదికి మూడు. ప్యాకేజీ మాత్రం తీసుకోండి, కొన్ని మార్పులు అడిగి మరీ తీసుకోండి.

నేను ఇరిగేషన్‌లో చేసి రిటైరయ్యాను. సర్వీసంతా గోదావరి కాలువ గట్ల మీదే గడిచింది. కాబట్టి కరపత్రంలో నది అన్న మాట కనపడగానే అక్కడే ఆగిపోయాను. “గుళ్లు చూపిస్తానని తీసుకొచ్చి ఇక్కడా కాలువలేనా అండీ?” అంది మా ఆవిడ. దారిలో రెండు గురుద్వారాలు ఉన్నాయని చూపించి ఒప్పించాను.

ఆ కరపత్రం గురించి కొంచెం చెప్పాలి. మెరిసే కాగితం. మన పంజాబ్ రాష్ట్రం బొమ్మ, దాని మీద చేతివేళ్లలా ఐదు నీలం గీతలు. వాటిలో జీలం సుబ్బరంగా లూధియానా మీదుగా పారుతోంది! కౌంటర్‌లో కుర్రాడిని అడిగాను.

“ఏయే నదులు చూపిస్తారు బాబూ?”

“అన్నీ చూపిస్తాం సర్‌జీ.”

“జీలం కూడానా?”

“అన్నీ సర్‌జీ, అన్నీ.”

జీలం కాశ్మీర్‌లో వేరీనాగ్ దగ్గర పుట్టి, శ్రీనగర్ మీదుగా పోయి, అటునుంచి అటే పాకిస్తాన్ పంజాబ్‌లోకి దిగుతుంది. చీనాబ్ హిమాచల్‌లో తాండి దగ్గర చంద్ర, భాగ అనే రెండు ఏర్లు కలిసిన చోట మొదలై, జమ్మూ కొండల్లోంచి అదీ అటే పోతుంది. మన పంజాబ్ నేల మీద ఈ రెండూ ఒక్క అడుగు కూడా పారవు. మనకి ఉన్నవి రావి, బియాస్, సట్లెజ్. పోనీ అటువైపు చూద్దామా అంటే వాళ్లకి జీలం, చీనాబ్, రావి, సట్లెజ్ ఉన్నాయి గానీ బియాస్ లేదు. అది సరిహద్దు దాకా పోకుండానే హరీకే దగ్గర సట్లెజ్‌లో కలిసిపోతుంది. ఐదు నదుల పేరు పెట్టుకున్న రెండు పంజాబులూ ఉన్నాయి, ఏ ఒక్కదాంట్లోనూ ఆ ఐదూ లేవు. సింధు నదిని కలుపుకుంటే అటువాళ్లకి ఐదు అవుతాయి. కానీ పాత లెక్కలో సింధు ఆ ఐదింట్లో లేదు. ఐదూ ఒకటై పంజ్‌నద్ అయ్యాక మిఠన్‌కోట్ దగ్గర వెళ్లి సింధులో పడతాయి. మహాభారతంలో పంచనదం అన్న పేరు కూడా ఈ నేలదే.

పేరు మాత్రం ఎవరూ వదులుకోలేదు. 1947లో మనది తూర్పు పంజాబ్, వాళ్లది పశ్చిమ పంజాబ్. 1950లో రాజ్యాంగం వచ్చాక మనవాళ్లు తూర్పు తీసేశారు. 1966 నవంబరు 1న హర్యానా విడిపోయింది, కొండ ప్రాంతాలు హిమాచల్‌కి వెళ్లాయి, మిగిలినదానికీ పంజాబ్ అనే పేరే ఉండిపోయింది. ఇప్పుడు మన పంజాబ్ విస్తీర్ణం 50,362 చదరపు కిలోమీటర్లు, వాళ్లది 2,05,344. రాజధాని లాహోర్ అటు పోతే కొన్నాళ్లు సిమ్లా నుంచి నడిపి, చివరికి చండీగఢ్ కట్టుకున్నారు. అది 1966 నుంచి ఈ రోజుదాకా రెండు రాష్ట్రాలకీ ఉమ్మడి రాజధానే. పదేళ్ల ఉమ్మడి రాజధానికే మన దగ్గర ఎంత రభస జరిగిందో తెలిసినవాళ్లకి అక్కడి ఓపిక అర్థమవుతుంది.

ఇదంతా కరపత్రంలో వేయమని నేను అనట్లేదు. మూడు నదులని వేస్తే చాలు అన్నాను. “మూడు అని వేస్తే ఎవరొస్తారు సర్‌జీ?” అన్నాడు కుర్రాడు. ఆ ఆఫీసులో నాకు దొరికిన నిజమైన జవాబు అదొక్కటే.

ఇక డ్రైవరు. తరన్ తారన్ వైపు మనిషి, అరవైకి దగ్గర్లో ఉంటాడు. నన్ను సర్‌జీ అని, మా ఆవిడని భైన్‌జీ అని పిలిచాడు. నాది హిందీ ప్రచార సభలో మధ్యమ పాసైన హిందీ, ఆయనది పంజాబీలో ముంచి తీసిన హిందీ. అయినా ఎక్కడా ఇబ్బంది పడలేదు. కరపత్రంలో రాసిన గైడు రాలేదు, ఈయనే గైడు. అదీ మంచికే అయింది.

కారు ఎక్కగానే తను మాఝా వాడినని చెప్పుకున్నాడు. రావికి, బియాస్‌కి మధ్య ఉన్నది మాఝా. బియాస్‌కి, సట్లెజ్‌కి మధ్యది దోఆబా. సట్లెజ్ దాటి దక్షిణానికి వెళ్తే మాల్వా. మనం జిల్లా అడిగినట్టు వాళ్లు నదికి ఏ పక్క అని అడుగుతారు. మాల్వా వాళ్ల యాసని ఆయన దారిపొడుగునా వెక్కిరిస్తూనే ఉన్నాడు. మన దగ్గర ఇలాంటి పరాచికాలకి కరువేముంది కనక, నాకు వెంటనే అర్థమైంది.

రెండు నదుల మధ్య నేలని అక్కడ దోఆబ్ అంటారు. ఒక్కో దోఆబ్ పేరూ ఆ నదుల పేర్ల ముక్కలు అతికించి చేసిందే. బియాస్, రావి కలిపి బారీ. రావి, చీనాబ్ కలిపి రచ్నా. చీనాబ్, జీలం కలిపి చజ్. బియాస్, సట్లెజ్ కలిపి బిస్త్. ఈ లెక్క తెలిస్తే అటారీ అసలు సంగతి బోధపడుతుంది. అమృత్‌సర్, లాహోర్ రెండూ ఒకే బారీ దోఆబ్‌లో ఉన్న ఊళ్లు. మధ్య దూరం 50 కిలోమీటర్లు. దారిలో నది లేదు, కొండ లేదు, చిన్న గుట్ట కూడా లేదు. గ్రాండ్ ట్రంక్ రోడ్డు, దానికి అటూ ఇటూ గోధుమ చేలు, అంతే. సరిహద్దు గీత ఆ చేలల్లోంచే పోయింది.

పరేడ్ గురించి రాయనన్నాను కాబట్టి ఒక్క ముక్క. మనవైపు ఊరు అటారీ, వాఘా అన్నది అటువైపు ఊరు. మనం అలవాటుగా వాఘా బోర్డర్ అంటాం. డ్రైవరు గ్యాలరీలో సీటు కోసం తొందరపెట్టకుండా, ముందు పక్క రోడ్డులోకి తీసుకెళ్లి దూరం నుంచి కంచె చూపించాడు. కంచె సరిగ్గా గీత మీద ఉండదు, మన నేలలోకి కొంత వెనక్కి వేశారు. కంచె అవతల కూడా మన రైతుల పొలాలున్నాయి. వాళ్లు బీఎస్ఎఫ్ గేటు తీసిన వేళకి కార్డు చూపించి వెళ్లి, గేటు వేసేలోగా వచ్చేయాలి. రాత్రి నీళ్లు పెట్టాలన్నా కుదరదు. కాపుదనం చేసినవాడికి అంతకన్నా నరకం ఉండదు. నాకైతే పరేడ్‌లో బూట్ల చప్పుడు కన్నా ఇదే ఎక్కువ గుర్తుంది.

అక్కడికి ముందు, అదే రోజు పొద్దున, డేరా బాబా నానక్ తీసుకెళ్లారు. కరపత్రంలో ‘కర్తార్‌పూర్ దర్శనం’ అని వేశారు. ఇది చదివి ఎవరైనా గురునానక్ చివరి 18 ఏళ్లు గడిపి 1539లో కన్నుమూసిన ఆ గురుద్వారాకే తీసుకెళ్తారని అనుకుంటారు. అది రావికి అవతల పాకిస్తాన్‌లో ఉంది. 2019 నవంబరు 9న కారిడార్ తెరిచారు, మేం వెళ్లిన నాటి పద్ధతి ప్రకారం వీసా అక్కర్లేదు, కానీ పాస్‌పోర్టు ఉండాలి, ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి, పోలీసు వెరిఫికేషన్ ఉంటుంది, అటువైపు 20 డాలర్లు కట్టాలి. ఆఫీసులో ఇందులో ఒక్క ముక్క చెప్పలేదు. వాళ్ల దర్శనం అంటే ఇటువైపు నుంచి దూరంగా చూడటమే. పొగమంచు కొంచెం విడిచాక తెల్లటి గుమ్మటాలు లీలగా కనపడ్డాయి. మా ఆవిడ దండం పెట్టుకుని, “నాలుగైదు కిలోమీటర్లకి పాస్‌పోర్టా!” అంది. పాస్‌పోర్టు రాజమండ్రిలో బీరువాలో ఉంది. చెప్పి ఉంటే తెచ్చుకునేవాళ్లం కదా. ఆఫీసుకి వేసిన మార్కుల్లో సగం కోత దీనికే.

రావి మాత్రం చూడాల్సిందే. నీళ్ల కోసం కాదు, ఫిబ్రవరిలో అక్కడ ఇసుకే ఎక్కువ. పైన రంజిత్ సాగర్ డ్యామ్, దాని కింద మాధోపూర్ హెడ్‌వర్క్స్ (నదికి అడ్డుకట్ట వేసి కాలువలోకి నీళ్లు మళ్లించే చోటు) నీళ్లన్నీ పట్టేస్తాయి. నది వంకర్లు తిరిగిన తీరు చూడాలి. విభజన గీత గీయడానికి వచ్చిన బ్రిటిష్ లాయరు సిరిల్ రాడ్‌క్లిఫ్ 1947 జులై 8న దేశంలో అడుగుపెట్టాడు. ఆయన గీసిన గీత ఆగస్టు 17న, స్వాతంత్ర్యం వచ్చాక రెండు రోజులకి బయటపడింది. గురుదాస్‌పూర్ జిల్లాలో నాలుగు తహసీళ్లుంటే మూడు ఇటు, రావికి అవతల ఉన్న శకర్‌గఢ్ ఒక్కటి అటు. అందుకే కర్తార్‌పూర్ అటు పోయింది. అయితే ఆయన రాసిన దాంట్లో ఒక మంచి మెలిక ఉంది. సరిహద్దు నది పారే దారి కాదు, జిల్లా, తహసీళ్ల పాత హద్దులే సరిహద్దు అన్నాడు. నది మారుతుంది, కాగితం మారదు. వరద వచ్చినప్పుడల్లా రావి పక్కకి జరిగితే, మన ఊళ్లు కొన్ని నదికి అవతల, పాకిస్తాన్‌కి ఇవతల చిక్కుకుపోతాయి. మకౌరా పత్తన్ అవతల అలాంటి ఊళ్లున్నాయి. వాళ్లకి దారి పంటు వంతెన, వానాకాలం వస్తే అదీ తీసేస్తారు. నది హద్దుగా ఉన్న లంక భూముల తగాదాలు చూసినవాడిగా చెప్తున్నాను, రాడ్‌క్లిఫ్ ఆ వాక్యం రాసి మంచి పనే చేశాడు. లేకపోతే ప్రతి వరదకీ కొత్త దేశపటం గీయాల్సి వచ్చేది.

రెండో రోజు పొద్దున్నే బయల్దేరాం. ముందు బియాస్ ఒడ్డున గోయింద్వాల్. అక్కడ 84 మెట్ల బావి ఉంది, మా ఆవిడ ఓపిగ్గా దిగి స్నానం చేసి వచ్చింది. నేను గట్టు మీద టీ తాగుతూ కూర్చున్నాను. అలెగ్జాండర్ సైన్యం క్రీ.పూ. 326లో ఇక ముందుకి రామని మొండికేసింది ఈ నది దగ్గరే. చలికాలం బియాస్ చూస్తే దాటలేని నదిలా ఏమీ ఉండదు. పాపం ఇంటి మీద బెంగ పెట్టుకుని ఉంటారు.

అక్కడి నుంచి హరీకే. మీరు ఈ ప్యాకేజీ తీసుకుంటే దీనికోసమే తీసుకోవాలి, అమృత్‌సర్ నుంచి సుమారు 60 కిలోమీటర్లు.

లోపలంతా అభయారణ్యం కాబట్టి అటవీశాఖ అనుమతి కావాలి. డ్రైవరు ముందు రోజే ఎవరితోనో మాట్లాడి చీటీ సిద్ధం చేశాడు. ఆఫీసు వాళ్లైతే బ్యారేజీ మీద కారు ఆపి ఒక ఫొటో, పదండి అనే రకం. గట్టు మీద కొంత దూరం నడిచాం. ముందు గమనించింది మా ఆవిడే. “నీళ్లు రెండు రంగులున్నాయి చూడండి.” ఒక పక్క నుంచి వచ్చే పాయ లేత ఆకుపచ్చ, అడుగున ఇసుక తెలుస్తోంది. ఇంకో పక్క పాయ ముదురు బూడిద రంగు, అంచున నురగ, ఒడ్డు దగ్గర వాసన. రెండూ కొంత దూరం కలవకుండానే పక్కపక్కన పోతున్నాయి. తేటగా ఉన్నది బియాస్. రెండోది లూధియానా మీదుగా వచ్చిన సట్లెజ్, ఊళ్లోని ఫ్యాక్టరీల మురికి బుడ్ఢా నాలాలో పడి, ఆ నాలా సట్లెజ్‌లో పడుతుంది. ఇక్కడ కలిసిన నీళ్లనే మాల్వా జిల్లాలు, రాజస్థాన్ తాగుతున్నాయి. డ్రైవరు ఏమీ అనకుండా సీసా తీసి బియాస్ వైపు నీళ్లు పట్టి, ఎండకి ఎత్తి చూపించాడు. తర్వాత సట్లెజ్ వైపు పట్టి చూపించాడు. కాలుష్యం మీద నేను విన్న ఉపన్యాసాలన్నింటికన్నా అది నయం.

మిగతా మడుగంతా గుర్రపు డెక్క. ఆ మొక్కని చూడగానే నాకు ఉద్యోగం గుర్తొచ్చింది, ఎన్ని టెండర్లు పిలిచి తీయించినా మళ్లీ మొలిచే దరిద్రం. దాని మధ్యలో తెల్లముక్కు నల్ల నీటికోళ్లు వందలకొద్దీ, దూరంగా బాతులు. బియాస్‌లో సింధు డాల్ఫిన్లు ఉన్నాయని 2007లో తెలిసింది, 2019లో పంజాబ్ వాటిని రాష్ట్ర జలచరంగా ప్రకటించింది. కరపత్రంలో డాల్ఫిన్ బొమ్మ గంతులేస్తూ ఉంటుంది. ఆశ పెట్టుకోకండి, మాకు తోక కూడా కనపడలేదు.

బ్యారేజీ 1952 నాటిది. ఇక్కడి నుంచే ఫిరోజ్‌పూర్ ఫీడర్, రాజస్థాన్ ఫీడర్ బయల్దేరతాయి. రాజస్థాన్ ఫీడర్ తర్వాత ఇందిరా గాంధీ కాలువ అయి థార్ ఎడారిలో జైసల్మేర్ దాకా పోతుంది. హెడ్ దగ్గర దాని సామర్థ్యం 18,500 క్యూసెక్కులు. దాన్ని కాలువ అనడానికి నాకు నోరు రాలేదు. మాది నీటి కరువు రాష్ట్రం, ఈ నీళ్లు మావి కావా అని అడిగాడు డ్రైవరు. హర్యానాకి నీళ్లు తీసుకెళ్లాల్సిన సట్లెజ్–యమునా లింకు కాలువ పని 1982లో మొదలై ఇప్పటికీ పూర్తి కాలేదు. రెండు దేశాల నీళ్ల తగాదా గురించే అందరూ మాట్లాడతారు గానీ ఇంటి తగాదా కూడా చిన్నదేం కాదు. నేను ఇరిగేషన్ వాడినని తెలిసి తీర్పు చెప్పమన్నాడు. కృష్ణా నీళ్లకే తీర్పు చెప్పలేకపోయామయ్యా అని తప్పించుకున్నాను.

రోడ్డు పక్క బండి మీద చేప ముక్కలు వాము, శనగపిండి పట్టించి వేయిస్తారు. తినండి. మాది గోదావరి జిల్లా, చేప దగ్గర ఊరికే మెచ్చుకునే రకం కాదు. మా ఆవిడ ఆ రోజు మంగళవారం కాబట్టి తినలేదు, నా పక్కన నిలబడి బాగుందా అని మాత్రం అడిగింది.

తర్వాత ఫిరోజ్‌పూర్, అక్కడి నుంచి హుస్సేనీవాలా. భగత్‌సింగ్, రాజగురు, సుఖదేవ్‌లని 1931 మార్చి 23న లాహోర్ జైల్లో ఉరితీసి, గుట్టుచప్పుడు కాకుండా తెచ్చి దహనం చేసింది ఇక్కడి సట్లెజ్ ఒడ్డునే. విభజనలో ఈ చోటు అటు పోయింది. 1961లో సులేమాంకీ హెడ్‌వర్క్స్ దగ్గరి 12 ఊళ్లు పాకిస్తాన్‌కి ఇచ్చి దీన్ని వెనక్కి తీసుకున్నారు. సమాధి దగ్గర శుభ్రంగా ఉంది, జనం తక్కువ. భగత్‌సింగ్ పుట్టిన ఊరి పేరు నాకు అక్కడే మనసుకి పట్టింది. లాయల్‌పూర్ జిల్లా, చక్ నంబర్ 105 జీబీ. జీబీ అంటే గుగేరా బ్రాంచ్, లోయర్ చీనాబ్ కాలువలో ఒక శాఖ. బ్రిటిష్ వాళ్లు బీడు భూముల్లోకి కాలువలు తవ్వి, ఊళ్లు కట్టి, వాటికి కాలువ పేరు, నంబరు పెట్టారు. మనం డిస్ట్రిబ్యూటరీలకి పెట్టే నంబర్లు అక్కడ మనుషులు పుట్టిన ఊళ్లకి ఉన్నాయి! డ్రైవరు వాళ్ల నాన్న కూడా ఆ కాలువల కిందివాడేనట. 47లో భూమి వదిలేసి వస్తే, ఇక్కడ కోతలు పోగా ఎంతో కొంత ఇచ్చారు. “మా అబ్బాయి ఫోన్‌లో ఆ ఊరు వెతికాడు సర్‌జీ. లాయల్‌పూర్ అని కొడితే ఫైసలాబాద్ వచ్చింది” అన్నాడు. 1977లో పేరు మార్చారు. ఇంట్లో పెద్దవాళ్లు మాత్రం ఇంకా లాయల్‌పూర్ అనే అంటారట.

సమాధి పక్కనే ఫిరోజ్‌పూర్ హెడ్‌వర్క్స్. ఫొటోలు తీయనివ్వరు, తీయబోయి తిట్లు తినకండి. నేను గట్టు మీద నిలబడి చూసింది మాత్రం మర్చిపోను. ఇక్కడి నుంచి దీపాల్‌పూర్ కాలువ అటువైపు పోయేది. మాధోపూర్ నుంచి వచ్చే అప్పర్ బారీ దోఆబ్ కాలువ కింద కూడా లాహోర్ వైపు ఆయకట్టు ఉండేది. గీత గీశాక రెండు కాలువల హెడ్డూ మన దగ్గర, శివారు ఆయకట్టు వాళ్ల దగ్గర. 1948 ఏప్రిల్ 1న తూర్పు పంజాబ్ గేట్లు దించేసింది. శివారు రైతు నీళ్ల కోసం ఆఫీసు చుట్టూ తిరగడం నేను సర్వీసంతా చూశాను, అక్కడ తిరగడానికి ఆఫీసు కూడా పరాయి దేశంలో ఉంది. నెల తర్వాత మే 4న ఒక ఒప్పందం చేసుకుని నీళ్లు వదిలారు. 1947 ఆగస్టు 8న వైస్రాయ్ ఆఫీసు నుంచి లాహోర్ వెళ్లిన ఒక ముసాయిదాలో ఫిరోజ్‌పూర్, జీరా తహసీళ్లు పాకిస్తాన్ వైపే ఉన్నాయి, చివరి గీతలో ఇటు వచ్చాయి. ఎందుకు మారిందన్న దాని మీద వాదన ఇంకా నడుస్తూనే ఉంది. ఈ గేట్లు చూస్తే ఎందుకు వాదించుకుంటారో తెలుస్తుంది.

1960 సెప్టెంబరు 19న కరాచీలో నెహ్రూ, అయూబ్ ఖాన్ సింధు జలాల ఒప్పందం మీద సంతకం చేశారు. రావి, బియాస్, సట్లెజ్ మనకి. సింధు, జీలం, చీనాబ్ వాళ్లకి. వాళ్లు జీలం, చీనాబ్ నీళ్లని లింకు కాలువల్లో రావి, సట్లెజ్ కింది పొలాలకి తెచ్చుకున్నారు. మనుషుల్నీ, భూమినీ పంచినప్పుడు కుదరని పంపకం నీళ్ల దగ్గర ఇంజినీర్లు కుదిర్చారని నాకు కొంచెం గర్వం. మా ఆవిడ, “సరే, పదండి, చలేస్తోంది” అంది.

సాయంత్రం అక్కడా ఒక చిన్న పరేడ్ ఉంది. అటువైపు ఊరు గండా సింగ్ వాలా. అటారీ లాంటి స్టేడియం కాదు, అవతల కూర్చున్నవాళ్ల మొహాలు స్పష్టంగా కనపడతాయి. తోపులాట పడనివాళ్లు అటారీ మానేసి ఇదే చూడండి.

ఇక తిట్లు. బిల్లులో ‘బోర్డర్ ఏరియా ఛార్జీ’ అని 800 వేశారు. అదేమిటంటే జవాబు లేదు, గట్టిగా అడిగితే సగం తగ్గించారు. రాత్రి తొమ్మిది దాటితే డ్రైవరు బత్తా 300 అని ఉంది, అది ఇవ్వాల్సిందే, కాకపోతే డబ్బు డ్రైవరు చేతికే ఇవ్వండి. దారిలో ఆడవాళ్లకి బాత్రూములు తక్కువ. గురుద్వారాల్లో శుభ్రంగా ఉంటాయి, అక్కడ ఆగమని ముందే చెప్పండి. జనవరిలో పొగమంచుకి రోడ్డే కనపడదు కాబట్టి ఫిబ్రవరి రెండో వారం నుంచి మార్చి వరకు మంచిది, ఆవ చేలు పూత మీద ఉంటాయి.

మేం వెళ్లింది 2025 ఫిబ్రవరిలో. ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత మన ప్రభుత్వం సింధు ఒప్పందాన్ని పక్కన పెట్టింది, అటారీ చెక్‌పోస్టు మూసేశారు, పరేడ్‌లో గేట్లు తెరవడం, చేతులు కలపడం ఆపేశారు. మేలో కర్తార్‌పూర్ కారిడార్ మూసేశారు. ఆగస్టు వరదల్లో డేరా బాబా నానక్ వైపు ఊళ్లు మునిగాయి. కాబట్టి వెళ్లే ముందు ఏది తెరిచి ఉందో ఒకసారి కనుక్కోండి. ఆఫీసు వాళ్లని మాత్రం అడక్కండి, అన్నీ తెరిచే ఉన్నాయి సర్‌జీ అంటారు.

డ్రైవరు నంబరు చాలామంది అడుగుతారని తెలుసు. ఆయన ఆ ఆఫీసు మనిషి, విడిగా ఇస్తే ఆయన ఉద్యోగానికి ఇబ్బంది, ఇవ్వను. అమృత్‌సర్‌లో ఏ ట్రావెల్స్‌కి వెళ్లినా, “హరీకేలో గట్టు మీదకి తీసుకెళ్లే డ్రైవరు కావాలి, బ్యారేజీ మీద ఆపేవాడు వద్దు” అని అడగండి. అడ్వాన్సు సగానికి మించి ఇవ్వకండి.